టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతున్నాయి, అయినా గిగాబిట్ నిలబడటం లేదు

మేడమీదగది

డూప్లెక్స్ ఇల్లు. నాలుగు చోట్లకి క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ లాగి ఉంది, అన్నీ కింద హాల్లో టీవీ యూనిట్ వెనక బాక్సులోకి వస్తాయి. అక్కడ ఫైబర్ మోడెమ్, 8 పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్ ఉన్నాయి. మామూలు ఎల్‌ఈడీ టెస్టర్ వాడాను: మెయిన్, రిమోట్ రెండు ముక్కలు, 1 నుంచి 8 వరకు లైట్లు, చివర జి. మెయిన్ హాల్లో పెట్టి రిమోట్ గదుల్లో పెడితే ఇలా వచ్చింది:

చిన్న బెడ్‌రూమ్: 4, 5 రెండు వైపులా వెలగవు, మిగతావి సరే. డెస్క్‌టాప్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తుంది, లాప్‌టాప్‌లో అసలు లింకే రాదు.
పై బెడ్‌రూమ్: మెయిన్ 1 నుంచి 8 వరసగా వెళ్తుంటే రిమోట్ 3-6-1-4-5-2-7-8 అని వెలుగుతోంది. నెట్ మాత్రం గిగాబిట్‌లో బాగానే ఉంది.
ఆఫీసు గది: 1 నుంచి 8 రెండు వైపులా వరసగా, లోపం లేదు. కానీ లింక్ గిగాబిట్‌కి వచ్చి పడిపోతుంది, 100లో కూడా పెద్ద ఫైల్ కాపీ చేస్తే నత్తనడక.
బాల్కనీ కెమెరా: మెయిన్‌లో 7, 8 వెలుగుతున్నాయి, రిమోట్‌లో ఆ రెండూ ఆరిపోయి ఉన్నాయి. కెమెరా మాత్రం పీఓఈ (నెట్ తీగలోనే వచ్చే కరెంటు) మీద మామూలుగా పనిచేస్తోంది.

జి లైటు ఎక్కడా వెలగలేదు. అన్నిటికంటే ఆఫీసు గదే అర్థం కావడం లేదు. టెస్టర్ బాగుందంటుంది, లైను బాగాలేదు. దేన్ని నమ్మాలి?

నీలంజత

రెండూ నిజమే చెబుతున్నాయండీ. ఈ టెస్టర్‌కి తెలిసిన పని ఒక్కటే: ఇక్కడ మూడో పిన్నులో వదిలిన కరెంటు అక్కడ ఎన్నో పిన్నులో తేలిందో చూపించడం. ఆ తీగ లోపల దేనితో మెలివేసి ఉందో దానికి తెలియదు. గిగాబిట్‌కి కావాల్సింది ఆ మెలికే. జి అంటే షీల్డ్. మీది షీల్డ్ లేని కేబుల్ అయితే అది వెలగకపోవడమే సరైనది, వదిలేయండి.

ఆఫీసు గదికి ఒక పని చేయండి. రెండు చివరలా ప్లగ్గులు క్లిప్పు కిందికి, బంగారు పిన్నులు పైకి, తీగ మీ వైపు ఉండేలా పట్టుకుని ఎడమ నుంచి రంగులు చదివి ఇక్కడ రాయండి. ఎడమ చివరిదే ఒకటో పిన్ను. నా అనుమానం స్ప్లిట్ పెయిర్, అంటే కలిసి మెలిపడని రెండు తీగలని ఒక జతగా కట్టేయడం.

ప్లగ్‌లో రంగుల వరసకి టీ568ఏ, టీ568బి అని రెండు పద్ధతులున్నాయి. పై బెడ్‌రూమ్‌లో ఒక చివర 'ఏ', ఇంకో చివర 'బి' కట్టారు. ఆరెంజ్ జత, గ్రీన్ జత చోట్లు మారాయి, అంతే. పాత రోజుల్లో దీన్నే క్రాస్ కేబుల్ అని కావాలని చేసేవాళ్లు. ఇప్పటి గిగాబిట్ పోర్టులు ఆ మార్పుని తామే సర్దుకుంటాయి కాబట్టి మీకు తేడా తెలియలేదు. తొందర లేదు కానీ ఎప్పుడైనా ఆ జాక్ విప్పితే రెండు వైపులా బి చేసేయండి.

చిన్న బెడ్‌రూమ్ సంగతి: 100 ఎంబీపీఎస్‌కి 1-2, 3-6 జతలు చాలు. గిగాబిట్‌కి నాలుగూ కావాలి. చిక్కేమిటంటే, ఎంత వేగంలో నడవాలో రెండు వైపుల నెట్‌వర్క్ కార్డులు మాట్లాడుకునేది ఆ మొదటి రెండు జతల మీదే. గిగాబిట్ అని ఒప్పుకుంటాయి, తీరా చూస్తే మిగతా జతల్లో ఒకటి లేదు. కొన్ని కార్డులు కాసేపు ప్రయత్నించి 100కి దిగుతాయి, కొన్నిటికి దిగడం తెలియదు. అందుకే మీ డెస్క్‌టాప్ నడిచింది, లాప్‌టాప్ నడవలేదు. గోడలో కేబుల్ తెగితే సరిగ్గా ఒక జతే తెగడం అరుదు. 4, 5 రెండూ బ్లూ జత. ల్యాండ్‌లైన్‌కో ఇంటర్‌కామ్‌కో ఎలక్ట్రీషియన్లు లాగేసుకునే జత కూడా అదే. ముందు ఫేస్‌ప్లేట్ విప్పి చూడండి.

క్రోన్‌టూల్

ప్లేట్లు విప్పేలోపు రెండు విషయాలు.

ఒకటి, రెండు చివరలా స్విచ్, కెమెరా, మోడెమ్ అన్నీ పీకే టెస్టర్ పెట్టారా? పీఓఈ వస్తున్న లైనులో పెడితే ఈ టెస్టర్లు కాలిపోవచ్చు. ల్యాండ్‌లైన్ మీద పెట్టినా అంతే, రింగు వచ్చినప్పుడు వోల్టేజీ బాగా ఎక్కువ.

రెండు, గోడ జాక్ నుంచి టెస్టర్‌కి పెట్టిన చిన్న ప్యాచ్ కార్డులు ముందు విడిగా టెస్ట్ చేశారా? సగం సందర్భాల్లో దొంగ అక్కడే దొరుకుతాడు. బ్యాటరీ నీరసించినా లైట్లు మసకబారి లేని లోపాలు చూపిస్తాయి. కొత్తది వేసి, టెస్టర్ మీది స్విచ్ నెమ్మది మోడ్‌లో పెట్టి, ఒకరు ప్లగ్ దగ్గర తీగని అటూ ఇటూ కదుపుతుండగా రిమోట్ చూడండి. ఒకసారి వెలిగి ఒకసారి ఆరితే క్రింప్ (తీగల మీద ప్లగ్ నొక్కిన పట్టు) వదులు.

మేడమీదగది

అన్నీ పీకే చేశాను. ప్యాచ్ కార్డులు బాగున్నాయి, బ్యాటరీ కొత్తది.

నీలంజత గారు, మీరన్నట్టే ఉంది. బెడ్‌రూమ్ ప్లేట్ వెనక బ్లూ జత పక్కనున్న ఫోన్ జాక్‌లోకి వెళ్తోంది. హాలు బాక్సులో అదే జతని బయటకి తీసి టేపు చుట్టి వదిలేశారు.

ఆఫీసు గది కేబుల్‌కి రెండు చివరలా ప్లగ్గే, జాక్ లేదు. రెండు వైపులా ఒకే వరస: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్.

నీలంజత

దొరికింది. చూడటానికి ఎంత పద్ధతిగా ఉందో అంత తప్పు. జతలన్నీ పక్కపక్కన పెడితే చాలనుకుని కట్టిన వరస అది.

బి పద్ధతి ఇదీ: వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. మీదాంట్లో తేడా 4, 6 పిన్నుల్లో.

కార్డు 3, 6 పిన్నులని ఒక జతగా వాడుతుంది. మీ కేబుల్లో 3లో ఉన్నది వైట్ గ్రీన్, 6లో ఉన్నది బ్లూ. ఆ రెండిటికీ ఒకదానితో ఒకటి మెలికే లేదు. 4-5 కూడా అంతే, గ్రీన్, వైట్ బ్లూ. ఒకే సిగ్నల్ తిన్నగా, తలకిందులుగా రెండు తీగల్లోనూ వెళ్తుంది. అవి కలిసి మెలిపడి ఉంటేనే బయటి రొద రెండిటికీ సమానంగా అంటుకుని, అవతల తీసివేతలో పోతుంది. ఇక్కడ వైట్ గ్రీన్ తన పక్కనున్న గ్రీన్‌తో మెలిపడి ఉంది, ఆ గ్రీన్‌లో ఇంకో సిగ్నల్ నడుస్తోంది. ఒకదాని మాట ఇంకొకదానిలో కలిసిపోతుంది. 1-2, 3-6 మీద నడిచే 100లో కూడా మీకు ఫైళ్లు నత్తనడక నడవడానికి కారణం ఇదే. రెండు మీటర్ల తీగ అయితే పెద్దగా బయటపడకపోయేది.

రెండు చివరలూ కోసి మళ్లీ క్రింప్ చేయాల్సిందే. ఒక చివరే మారిస్తే టెస్టర్‌లో కూడా తప్పొస్తుంది.

పై తొడుగు మూడు సెంటీమీటర్లు ఒలవండి. బ్లేడు లోపలి తీగల ఇన్సులేషన్‌కి తగిలిందేమో వంచి చూడండి, గీత పడితే ఇంకాస్త కోసి మళ్లీ మొదలుపెట్టండి. మెలికలు విప్పి, వేళ్ల మధ్య సాగదీసి తిన్నగా చేసి, వరసలో పెట్టి, తొడుగు అంచు నుంచి 13 మిల్లీమీటర్లు ఉంచి ఒక్క దెబ్బలో అడ్డంగా కత్తిరించండి. మెలిక విప్పిన భాగం అంతకు మించకూడదు. ప్లగ్‌లోకి తోశాక దాని ముందువైపు పారదర్శకమైన అంచులోంచి ఎనిమిది రాగి చుక్కలూ కనబడాలి. ఒక్కటి వెనకబడ్డా బయటికి లాగి మళ్లీ సమంగా కోయాలి. పై తొడుగు ప్లగ్ వెనకున్న నొక్కుడు పట్టీ కిందికి వచ్చిందో లేదో చూసుకుని అప్పుడు నొక్కండి. చాలామంది చేసే తప్పు అక్కడే. తొడుగు బయటే ఉండిపోతే బరువంతా ఎనిమిది సన్నని తీగల మీద పడి నాలుగు నెలల్లో ఊడుతుంది.

ప్లగ్గులు కొనేటప్పుడు క్యాట్6, ఒంటి తీగకి (లోపల పోగులు కాకుండా ఒకే గట్టి తీగ) సరిపోయేవి అని అడగండి. పోగుల తీగకి చేసిన ప్లగ్‌లో పన్ను తీగ మధ్యలో గుచ్చుకునేలా ఉంటుంది. ఒంటి తీగ మీద అది పక్కకి జారి పట్టు దొరకదు. మొదట్లో టెస్టర్‌లో బాగానే వెలుగుతుంది, తర్వాత ఎండాకాలం వచ్చేసరికి సమస్య మొదలవుతుంది.

రాగికంబి

ఎలాగూ కోస్తున్నారు కాబట్టి, కోసిన ముక్క పారేయకండి. ఇన్సులేషన్ తీసి కత్తి అంచుతో తీగని గీరండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎరుపు, లోపల వెండి తెలుపు కనిపిస్తే రాగి పూత వేసిన అల్యూమినియం. దాన్ని కూడా క్యాట్6 అని ముద్రేసి అమ్ముతారు, ఎల్‌ఈడీ టెస్టర్‌కి తేడా తెలియదు. రెండుసార్లు వంచితే విరుగుతుంది, క్రోన్ టూల్‌తో (తీగని జాక్‌లోకి దిగ్గొట్టే పనిముట్టు) కొట్టినప్పుడు తెగుతుంది, పీఓఈలో వేడెక్కుతుంది.

తీగ చూడ్డం కుదరని చోట మల్టీమీటర్ ఉంటే చాలు. ఒక చివర ఒక జత తీగలు రెండిటినీ కలిపి మెలిపెట్టి, రెండో చివర ఓమ్స్ కొలవండి. ముందు మీటర్ తీగలు రెండూ తాకించి వచ్చిన 0.3, 0.4ని తీసేయండి. 30 మీటర్ల కేబుల్ అయితే 24 గేజ్ (తీగ మందం కొలత) రాగికి 5 ఓమ్స్ దరిదాపు, 23 గేజ్‌కి 4. అదే దూరానికి 7, 8 చూపిస్తే అల్యూమినియమో, ఎక్కడో వదులు జాయింటో. నాలుగు జతలూ కొలిచి పోల్చండి. అన్నీ ఎక్కువైతే తీగ బాగోలేదు, ఒక్కటే ఎక్కువైతే కట్టు బాగోలేదు.

క్రోన్‌టూల్

దీనికి జోడింపు: ఇంటి కరెంటు వైరు, లాన్ (నెట్) వైరు ఒకే పైపులో లాగారేమో చూడండి. మన దగ్గర ఇది మామూలే. ఇంటర్ఫియరెన్స్ సంగతి తర్వాత, లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ ఒరుసుకుంటే లాన్ తీగలోకి 230 వోల్టులు వస్తాయి. అలాంటి పైపు అయితే చెయ్యి పెట్టేముందు ఏసీ వోల్టేజీ కొలవండి.

కెమెరా లైను కూడా చెబుతాను. మెయిన్‌లో వెలిగి రిమోట్‌లో రెండు ఆరితే ఆ రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయని. కొన్ని మోడళ్లు మసకగా రెండూ కలిపి వెలిగిస్తాయి. కెమెరా ఎందుకు నడుస్తోందంటే డేటా 1-2, 3-6లో వెళ్తోంది. పీఓఈ మిగతా జతల మీద వస్తున్నా 4, 5 ప్లస్, 7, 8 మైనస్. 7కి 8 తగిలితే మైనస్‌కి మైనస్ తగిలినట్టే, షార్ట్ అవదు. అదే 5కి 7 తగిలి ఉంటే స్విచ్ కరెంటే ఇచ్చేది కాదు.

తొంభైమీటర్లు

అందరూ ఎల్‌ఈడీ టెస్టర్‌ని తిడుతున్నారు గానీ ఇంటికి అది, మల్టీమీటర్ చాలు. స్ప్లిట్ పెయిర్ పట్టే టెస్టర్లు ఉన్నాయి, సర్టిఫికేషన్ చేసే ఫ్లూక్ డీఎస్‌ఎక్స్ లాంటివి లక్షల్లో ఉంటాయి, నాలుగు పాయింట్లకి అర్థం లేదు. ఉపయోగపడేది దూరం చెప్పే టెస్టర్. తీగలోకి పల్స్ వదిలి, తెగినచోటో తగిలినచోటో తట్టుకుని తిరిగి రావడానికి పట్టిన సమయంతో మీటర్లు లెక్కేస్తుంది. అద్దెకో అరువుకో దొరికితే కెమెరా లైనుకి అదే పెట్టండి. ముందు పొడవు తెలిసిన అదే రకం ముక్క మీద సరిచూసుకోండి. కేబుల్‌ని బట్టి పల్స్ వేగం మారుతుంది, లేకపోతే పది మీటర్లకి ఒక మీటరు తప్పు పోతుంది.

ఇంకోటి, అన్నీ అయ్యాక కూడా 100 దాటకపోతే మోడెమ్ పోర్టు చూడండి. నాలుగు పోర్టుల్లో ఒక్కటే గిగాబిట్ ఉండే ఫైబర్ మోడెములు చాలా ఉన్నాయి. స్విచ్‌కి వెళ్లే తీగ దాంట్లోనే ఉండాలి.

మేడమీదగది

ఆఫీసు గది రెండు చివరలూ కోసి బి కట్టాను. లోపల రాగే. వేగం కొలిచే ఐపెర్ఫ్ ప్రోగ్రాంలో ఇప్పుడు 940 ఎంబీపీఎస్ వస్తోంది, గంటసేపు వదిలినా లింక్ పడలేదు. బెడ్‌రూమ్‌లో బ్లూ జత ఫోన్ జాక్ నుంచి తీసి రెండు వైపులా 4, 5లో పంచ్ చేస్తే అదీ గిగాబిట్‌కి వచ్చింది.

దూరం టెస్టర్ అరువు దొరికింది. కెమెరా లైను 7-8 జత మీద హాలు వైపు నుంచి 14 మీటర్లు, కెమెరా వైపు నుంచి 3 మీటర్లు చూపిస్తోంది. మిగతా జతలు 17.

క్రోన్‌టూల్

రెండూ కలిపితే సరిగ్గా 17 కాబట్టి దెబ్బ ఒకే చోట ఉంది. కెమెరా నుంచి మూడు మీటర్లంటే పైపు గోడలోంచి బయటికొచ్చే చోటో, క్లాంపు మేకు దగ్గరో చూడండి. మేకే అయితే పీకకముందు కెమెరా తీగ స్విచ్ నుంచి తీసేయండి.