ఇంట్లోకి దూరిన పిచ్చుక బయటికి పోవట్లేదు, ఏం చేయాలి?

వానమబ్బు: అరగంట నుంచి ఇదే గొడవ. తలుపులు, కిటికీలు అన్నీ బార్లా తెరిచాను, అయినా పైకప్పు కిందే గిరగిరా తిరుగుతోంది. చీపురుతో అదిలిస్తే బీరువా ఎక్కి నోరు తెరిచి రొప్పుతోంది. టెన్షన్‌గా ఉంది, త్వరగా చెప్పండి.

పాతమెట్లు: ముందు ఫ్యాన్ ఆపండి. మేము ఆ కంగారులో మర్చిపోయాం, ఏమైందో ఇక్కడ రాయలేను. చీపురు కూడా పక్కన పడేయండి, బెదిరిన పిట్ట పైకే ఎగురుతుంది, దారేమో కింద ఉంటుంది.

మూడోగది: అన్నీ తెరవడమే పొరపాటు అండీ. నాలుగు వైపులా వెలుతురు ఉంటే అదెటు పోవాలి? లైట్లు ఆపి, లోపలి గదుల తలుపులు మూసి, మిగతా కిటికీలకు కర్టెన్లు లాగేసి, ఒక్క కిటికీ మాత్రం పూర్తిగా తెరిచి మీరు బయటికి వచ్చేయండి. మా ఇంట్లో దూరినప్పుడు నేను గుమ్మంలో ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నంతసేపూ కదల్లేదు, విసుగొచ్చి స్నానానికి వెళ్లొచ్చేసరికి లేదు.

నిద్రలేమి: చీకటి పడితే ఈ పద్ధతి పనిచేయదు, బయట వెలుతురే ఉండదు కదా. లైట్లు ఆపేసి వదిలేయండి, ఎక్కడో ఒకచోట వాలి ఉండిపోతుంది. తెల్లారుతుండగా కిటికీ తీయండి.

గాజుతలుపు: అద్దానికి కొట్టుకుని పడిపోతే మాత్రం పల్చటి తువ్వాలు కప్పి మెల్లగా తీసి, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి మూసేయండి. ఛాతీ గట్టిగా పట్టుకోవద్దు, ఆ ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. నోట్లో నీళ్లు పోయొద్దు, పాపం అనిపించినా సరే. గంట రెండు గంటల్లో తేరుకోకపోతే పక్షుల డాక్టరుకు చూపించాలి. పిల్లి పట్టినదైతే ఆ కాసేపు కూడా ఆగొద్దు, పైకి గాయం కనబడకపోయినా పంటి గాటుతో ఇన్ఫెక్షన్ వస్తుంది.

వానమబ్బు: వెళ్లిపోయింది!! కర్టెన్లు వేసిన పది నిమిషాలకే. థ్యాంక్స్ అందరికీ. చీపురు తీసినందుకు సిగ్గుగా ఉంది.

పాతమెట్లు: ట్యూబ్‌లైటు మీద, వెంటిలేటర్లో గడ్డిపరకలేమైనా ఉన్నాయా? గూడు కోసం వచ్చిందేమో. గుడ్లు పెట్టకముందే తీసేసి సందు మూయండి, పెట్టేస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ముట్టుకోవద్దు.

వానమబ్బు: స్టూలెక్కి చూశాను. గడ్డి కాదు, చీపురు పుల్లలే, నాలుగున్నాయి.