అమ్మను సంరక్షణ కేంద్రంలో చేర్చవలసిన సమయం వచ్చిందని ఎలా తెలుసుకోవాలి?

ప్రశ్న

మా అమ్మ వయసు 78. అల్జీమర్స్ అని వైద్యులు తేల్చి నాలుగేళ్ళు దాటింది. పగలంతా ఎలాగో గడిచిపోతోంది గాని, రాత్రుళ్ళు మాత్రం నా వల్ల కావడం లేదు. రెండు గంటలకు లేచి "మా ఇంటికి పోతాను" అంటూ తలుపు గడియ తీయబోతుంది. పోయిన నెలలో ఒకసారి తలుపు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళింది కూడా. ఈ మూడు వారాల్లో ఆమె తీరు మరీ మారింది, ఒక్కోసారి నన్నే ఎవరో పరాయిదాన్ని చూసినట్టు చూస్తోంది. దూరాన ఉన్న మా తమ్ముడు ఫోనులో "ఇంకా అంతదాకా రాలేదులే అక్కా" అంటాడు. అమ్మను ఎక్కడా వదిలిపెట్టనని నాన్నగారికి చివరి రోజుల్లో మాట ఇచ్చాను. ఆ "అంతదాకా" అనేది ఎక్కడ మొదలవుతుందో, అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం 1

నేను వృద్ధుల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పని చేశాను. నిర్ణయం సంగతి తరువాత, ముందు ఆ మూడు వారాల మార్పును వైద్యునికి చూపించండి. డిమెన్షియా, అంటే అల్జీమర్స్ వంటి మతి తప్పే జబ్బు, నెలల మీద, సంవత్సరాల మీద ముదురుతుంది. కొద్ది రోజుల్లోనే మనిషి మారిపోతే దాని వెనుక మూత్రనాళ ఇన్‌ఫెక్షనో, మలబద్ధకమో, చెప్పుకోలేని నొప్పో, కొత్తగా మొదలుపెట్టిన మందో ఉండే అవకాశం ఎక్కువ. ఇలా హఠాత్తుగా కలిగే అయోమయ స్థితిని డెలీరియం అంటారు. కారణం కనిపెట్టి చికిత్స చేస్తే చాలామంది మునుపటి స్థితికి, లేదా దానికి దగ్గరగా, తిరిగి వస్తారు. తగ్గగలిగిన జబ్బును చూసి శాశ్వతమైన నిర్ణయం తీసుకోకూడదు.

అది కాదని తేలిన తరువాతే మీ ప్రశ్న. 1963లో సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు ప్రచురించిన కొలమానం ఒకటి ఇప్పటికీ వాడుకలో ఉంది. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళి రావడం, మంచం దిగి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాల అదుపు, తినడం అనే ఆరు పనుల్లో మనిషి తనంత తానుగా ఎన్ని చేసుకోగలరో అది చూస్తుంది. అయితే నా అనుభవంలో ఆ అంకె ఒక్కటే ఏదీ తేల్చదు. ఆరింటికీ సాయం కావలసినవారిని ఇంట్లోనే చక్కగా చూసుకున్న కుటుంబాలను చూశాను. అన్నీ తానే చేసుకుంటూ రాత్రి వీధిన పడే మనిషిని ఒక్కరే కాపలా కాయలేక కుప్పకూలినవారినీ చూశాను. అందువల్ల ఇరవై నాలుగు గంటల్లో ఆమెను ఒంటరిగా వదలలేని గంటలు ఎన్నో, ఆ గంటల్లో మెలకువగా ఉండగలిగినవారు ఇంట్లో ఎందరో ఒక వారం పాటు కాగితం మీద రాయండి. మీ తమ్ముడికి చూపించవలసింది ఆ కాగితమే.

సమాధానం 2

మా నాన్నగారి విషయంలో మేము "ఇంకా చూద్దాం" అంటూనే ఏడాదిన్నర గడిపాము. చివరికి ఆయన స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స అయిన తరువాత ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేని మనిషిని ఎక్కడికి తీసుకువెళ్ళాలో తేల్చుకోవడానికి మాకు రెండు రోజులే మిగిలాయి. ఖాళీ ఉన్నది ఒక్కచోటే, అక్కడే చేర్చాము. వీపు మీద పుండు పడేదాకా, రాత్రిపూట ఆయనను పక్క తిప్పేవారు లేరన్న సంగతి మాకు తెలియలేదు. చేర్చినందుకు నేను బాధపడటం లేదు, తొందరలో చేర్చినందుకే బాధపడుతున్నాను.

మీరు ఇప్పుడే చేర్చకపోయినా ఇప్పుడే వెళ్ళి చూడండి. ఉదయం అతిథులు వచ్చే వేళలో కాకుండా రాత్రి భోజనాల వేళకు వెళ్ళండి. తినలేనివారికి ఎవరు, ఎంత ఓపికగా తినిపిస్తున్నారో గమనించండి. రాత్రి డ్యూటీలో ఎందరు ఉంటారు, తిరుగాడేవారిని ఎలా ఆపుతారు, జ్వరం వస్తే ఎవరు నిర్ణయిస్తారు, జబ్బు ముదిరితే ఉంచుకుంటారా పంపించివేస్తారా అని అడగండి. నాలుగో ప్రశ్నకు జవాబు దాటవేసే చోటు నుంచి నేనైతే వెనక్కి వచ్చేస్తాను.

మీరు ఇచ్చిన మాట గురించి ఒక్క సంగతి. నాన్నగారు కోరింది ఆమె దిక్కులేనిది కాకూడదనే అయి ఉంటుంది. మీరు నిద్ర లేక పడిపోతే ఆ మాట ఇంట్లో ఉండి కూడా నిలబడదు.

సమాధానం 3

పైవారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. మా అత్తగారికి ఇదే స్థితిలో వారానికి ఐదు రాత్రులు ఒక ఆయాను పెట్టుకుని, తలుపుకు గంట కట్టి, మరో రెండేళ్ళు ఇంట్లోనే చూసుకున్నాము. ఖర్చు భరించగలిగితే ముందు రాత్రికి మనిషిని పెట్టి చూడవచ్చు. కాని మత్తుమందులతో నిద్రపుచ్చే ఆలోచనకు మాత్రం వైద్యుడు చెప్పనిదే పోకండి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో, ఉద్రేకాన్ని అణచడానికి ఇచ్చే యాంటీసైకోటిక్ అనే మానసిక రుగ్మతల మందుల వల్ల మరణాల ముప్పు పెరుగుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. కేంద్రంలో చేర్చినా ఈ మందులు ఏవి ఇస్తున్నారో అడిగే హక్కు మీకు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలో మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు తేలింది. మందులు వాడాక నన్ను గుర్తుపడుతోంది, కాని రాత్రి తిరగడం తగ్గలేదు. తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడు, నాలుగో రాత్రికి కాగితం అడిగి తనే నింపడం మొదలుపెట్టాడు. రెండు వారాల తాత్కాలిక బసకు ఒకచోట మాట్లాడాము, నచ్చితే అప్పుడు ఆలోచిస్తాము. అమ్మకు ఏమని చెప్పాలో మాత్రం తోచడం లేదు.

సమాధానం 1

వారం ముందు చెప్పకండి, గుర్తుండదు గాని దిగులు మాత్రం మిగిలిపోతుంది. వెళ్ళే రోజు ఉదయం, "నాకు ఒంట్లో బాగుండటం లేదమ్మా, కొన్నాళ్ళు అక్కడ నిన్ను చూసుకుంటారు, నేను వస్తూ ఉంటాను" అని చెప్పండి. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె కప్పుకునే పాత దుప్పటి ఉతకకుండా అలాగే వెంట పంపండి.