క్లస్టర్‌లో ఆర్ స్క్రిప్ట్: మెమరీ ఎంత అడగాలి?

ప్రశ్న (ఒహాయో):
అందరికీ నమస్కారం. బయోస్టాటిస్టిక్స్ పీహెచ్‌డీకి ఈమధ్యే వచ్చాను. ఆర్ భాషలో రాసిన నా సిమ్యులేషన్ ల్యాప్‌టాప్‌లో రాత్రంతా పెట్టినా అవ్వట్లేదు. ప్రొఫెసర్ గారు క్లస్టర్‌లో (చాలా కంప్యూటర్లు కలిపి అందరూ పంచుకునేది) వెయ్యమన్నారు. అక్కడ జాబ్‌లను వరుసలో పెట్టి నడిపే స్లర్మ్ ఉంది. జాబ్‌కి మెమరీ ఎంత అడగాలి?

అట్లాంటా:
తమ్ముడూ, మెమరీ సంగతి తర్వాత. లాగిన్ నోడ్ (క్లస్టర్‌లోకి వెళ్లగానే వచ్చే మెషీన్) మీద మాత్రం ఆర్ నడపకు. అక్కడ అందరూ ఉంటారు, అకౌంట్ ఆపేస్తారు. జాబ్ ఫైల్ రాసి ఎస్‌బ్యాచ్ కమాండ్‌తో పంపు. సిమ్యులేషన్‌ని వెయ్యిసార్లు నడపాలంటే లూప్ వద్దు, అర్రే జాబ్ వెయ్యి, అంటే ఒకే ఫైల్‌తో విడివిడి టాస్కులు. ప్రతి టాస్క్‌కీ ఒక నంబరు వస్తుంది. దాన్నే సీడ్‌గా, అంటే ర్యాండమ్ నంబర్లు మొదలుపెట్టే సంఖ్యగా ఇవ్వు. అన్నిటికీ ఒకే సీడ్ ఇచ్చావనుకో, వెయ్యిసార్లూ ఒకటే జవాబు వస్తుంది.

మిన్నియాపొలిస్:
వీటన్నిటికంటే ముఖ్యం ఫైళ్లు ఎక్కడ పెడుతున్నావన్నది. నేను చదివిన చోట, పేరు ఎందుకులే, స్క్రాచ్‌లో (తాత్కాలిక ఫైళ్ల డిస్క్) కొన్నాళ్లు ముట్టని ఫైళ్లు తుడిచేసేవారు. సంక్రాంతికి భీమవరం వెళ్లాను. హెచ్చరిక మెయిల్ మా ప్రొఫెసర్‌కి ఒక్కరికే పంపారు, ఆయనేమో సబాటికల్ సెలవులో ఉన్నారు. తిరిగొచ్చి చూస్తే ఫలితాల ఫోల్డర్ ఖాళీ! హెల్ప్‌డెస్క్‌కి రాస్తే "స్క్రాచ్‌కి బ్యాకప్ ఉండదు" అని ఒక్క లైను రాసి టికెట్ మూసేశారు. ఆఫీసుకి వెళ్లి నిలబడితే పాలసీ పేజీ చూపించారు. అందులో గడువు ఒకటి, మెయిల్‌లో గడువు ఇంకొకటి. ఇదేంటని అడిగితే మేనేజర్ లేరన్నారు. నా థీసిస్ డిఫెన్స్ వాయిదా పడింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే చెబుతున్నా, ఫలితాలను హోమ్ డైరెక్టరీకి కాపీ చేసే లైను జాబ్ ఫైల్ చివర్లోనే పెట్టెయ్యి.

హ్యూస్టన్:
అట్లాంటా అన్నగారూ, టాస్క్ నంబరే సీడ్ అంటే ఒప్పుకోను. లెక్యుయే అనే ర్యాండమ్ నంబర్ జనరేటర్‌తో విడివిడి స్ట్రీములు (సంఖ్యల వరుసలు) తీసుకోవాలి. ఆర్‌తో వచ్చే పారలల్ ప్యాకేజీలోనే ఉంది. ఇంకోటి తమ్ముడూ, ప్రాసెసర్ కోర్లు లెక్కపెట్టే డిటెక్ట్‌కోర్స్ ఫంక్షన్‌ని నమ్మకు. నువ్వు 4 కోర్లే అడిగినా అది నోడ్‌లో ఉన్నవన్నీ లెక్కపెట్టి చెబుతుంది. ఆ లెక్కన వర్కర్లను (పని పంచుకునే ఆర్ ప్రాసెస్‌లను) పెడితే అందరూ ఆ నాలుగింటి మీదే పడి కొట్టుకుంటారు.

అట్లాంటా:
స్ట్రీములు మంచివే, కాదనను. కానీ ఆర్ మామూలుగా వాడే మెర్సెన్ ట్విస్టర్ జనరేటర్ పీరియడే, అంటే వరుస మళ్లీ మొదటికొచ్చేలోపు వచ్చే సంఖ్యల లెక్కే, 2 పవర్ 19937 మైనస్ 1. వేర్వేరు సీడ్‌లు ఇస్తే వరుసలు ఒకదాని మీద ఒకటి పడే అవకాశం లేనట్టే.

హ్యూస్టన్:
రేపు థీసిస్ కమిటీ అడిగితే "లేనట్టే" అని చెప్పమంటారా? రెండు లైన్ల పనికి ఆ టెన్షన్ ఎందుకు?

కొలంబస్:
అబ్బాయి అడిగింది మెమరీ గురించి కదండీ! బాబూ, ఆర్‌లో ఒక్కో దశాంశ సంఖ్యకి 8 బైట్లు పడుతుంది. 10 కోట్ల సంఖ్యల మ్యాట్రిక్స్ అంటే 800 ఎంబీ. లెక్క నడిచేటప్పుడు మధ్యలో కాపీలు పుడతాయి, అందుకని మొదట మూడింతలు అడుగు. ఒక్క టాస్క్ మాత్రమే పంపి, అయ్యాక స్లర్మ్ లెక్కలు చూపించే ఎస్‌అక్ట్ కమాండ్‌లో మ్యాక్స్ ఆర్‌ఎస్‌ఎస్ చూడు. అది నిజంగా వాడిన మెమరీ. దానికి కొంచెం కలిపి మిగతావి పంపు. టైమ్ కూడా ఉన్నంతా అడగకు. తక్కువ టైమ్ అడిగిన జాబ్‌ని స్లర్మ్ పెద్దవాటి మధ్య ఖాళీల్లో ముందే ఎక్కించగలదు. మరీ తగ్గించినా కష్టమే, గడువు దాటగానే చంపేస్తుంది. జాబ్ ఫైల్ రాశాక ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను.