సమస్య: "పాలు పోసి యెలుక బాధఁ దీర్చె"

(ఇచ్చిన చివరి పాదానికి పై మూడు పాదాలు కూర్చి పద్యం పూర్తి చేయడమే సమస్యాపూరణ.)

పృచ్ఛకురాలు (సమస్య ఇచ్చినావిడ), అనంతపురం:
ఆటవెలది నాలుగో పాదం ఇది. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల చిన్న గణాలు), 'పా'కు 'బా' యతి (పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కుదరడం). జూన్ వానకు విత్తాలని దాచుకున్న బుడ్డల (వేరుశనగ) మూటలకు మా ఇంట్లో ఎలుకలు పట్టాయి. పొద్దున లేచేసరికి గోనె మూల చిరిగి, నేలంతా పొట్టు. పక్కింటి మెట్ల కింద పిల్లి పిల్లలు పెట్టింది. ఒకదాన్ని తెచ్చుకుందామని పాప, వద్దని మా అమ్మ. గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది. పద్యంతో పాటు సలహా కూడా చెప్పండి.

కదిరి సభ్యుడు:
బుడ్డ మూట లన్ని బొక్కలు వడియుండ
వీధిలోని కూనఁ బిలిచి జేజి
ప్రేమ మీఱఁ బెంచి పెరటిలోఁ బ్రతిపూట
పాలు పోసి యెలుక బాధఁ దీర్చె

ప్రొద్దుటూరు మాస్టారు:
వేమన సమాధి ఉన్న కటారుపల్లె మీకు దగ్గరే కదా నాయనా, ఆటవెలది నడక బాగా పట్టుబడింది. 'ప్రేమ మీఱ' గణాల కోసం వేసిన మాట కాదు, పద్యానికి ప్రాణం అదే. అయితే సమస్యలో చిక్కు 'ఎలుక బాధ' దగ్గరుంది. ఎలుక పెట్టే బాధా, ఎలుక పడే బాధా? రెండో దారిలో ఎవరైనా వెళ్తారేమో చూద్దాం.

కర్నూలు సభ్యురాలు:
పద్యం రాదు నాకు, పశువైద్యం వచ్చు. అక్కా, పిల్లికి పాలు పోయడం పద్యంలోనే బాగుంటుంది. తల్లిపాలు మానాక చాలా పిల్లులకు పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. గిన్నెలో నీళ్లుంటే చాలు. అసలు సంగతి మాంసం. పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం బయటి నుంచి అందాలి, అది మాంసాహారంలోనే ఉంటుంది. పెరుగన్నంతో పెంచితే కాలం గడిచేకొద్దీ చూపు, గుండె దెబ్బతింటాయి. కాబట్టి అమ్మగారిని అడగవలసింది 'పిల్లి కావాలా' అని కాదు, 'పెరట్లో దానికి వేరే గిన్నె పెట్టనిస్తావా' అని. ఇంట్లో వండక్కర్లేదు, పిల్లుల కోసం తయారైన మేత దుకాణాల్లో దొరుకుతుంది. పన్నెండు, పదిహేనేళ్లు బతికే ప్రాణి, మూటలు ఖాళీ అయ్యాక కూడా మీ ఇంట్లోనే ఉంటుంది. ఇంకొక్క మాట: ఎలుకల మందు పెట్టి ఉంటే ముందు అదంతా తీసెయ్యండి. మందు తిన్న ఎలుకను పిల్లి తింటే దాని ప్రాణానికీ ముప్పే.

కడప సభ్యుడు:
నాగచవితినాడు నడిచేని గట్టుపై
పుట్ట కడకుఁ బోయి పూజ చేసి
పంటఁ గాచు మనుచుఁ బాముకు రైతమ్మ
పాలు పోసి యెలుక బాధఁ దీర్చె

ప్రొద్దుటూరు మాస్టారు:
ఊహ కొత్తది. పాము పాలు తాగకపోయినా చేలో ఎలుకలను తింటుంది, రైతుకు మేలే. 'పాముకు' మాత్రం ఒప్పదు, 'పామునకు' అనాలి. అలా అంటే గణం చెడుతుంది. 'పంటఁ గాచు మనుచుఁ బన్నగమ్మున కామె' అని మార్చి చూడండి.

ఆదోని విద్యార్థిని:
బోనులోనఁ జిక్కి పొగిలెడి కూనకు
జాలి పడిన పాప సంజ వేళ
మూతఁ దీసి విడిచి ముద్దుగాఁ జిప్పెడు
పాలు పోసి యెలుక బాధఁ దీర్చె

ప్రొద్దుటూరు మాస్టారు:
ఇదమ్మా నేను ఎదురుచూసిన దారి! 'చిప్పెడు' అన్న కొలత పాప అరచేతిని కళ్ల ముందుంచింది. ఈ వారానికి నా ఓటు దీనికే.

పృచ్ఛకురాలు:
కర్నూలు చెల్లెలి మాట అమ్మకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గిన్నె బాయిగట్టు అవతల పెట్టుకోండి, వంటింట్లోకి రాకూడదు" అంది. నా పూరణ:

పిల్లి వద్దటంచుఁ దల్లి చెప్పిన దంట
పాప యడిగి యడిగి పంత మూని
తెచ్చె నొక్కదానిఁ దిగులేల యని నవ్వి
పాలు పోసి యెలుక బాధఁ దీర్చె

కదిరి సభ్యుడు:
అక్కా, మొదటి పాదంలో 'పి'కి 'ద' యతి ఎట్లా?

ప్రొద్దుటూరు మాస్టారు:
'పిల్లి–దల్లి' ప్రాసయతి నాయనా, మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం 'ల్లి' కలిసింది. ఆటవెలదిలో చెల్లుతుంది.

కర్నూలు సభ్యురాలు:
ఇంకా తేలేదు కదా అక్కా? ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర ఉండనివ్వండి.

పృచ్ఛకురాలు:
తేలేదమ్మా. కళ్లు తెరిచి నాలుగు రోజులే అయింది. పాప పలక మీద వారాలు గీతలు గీసి పెట్టుకుంది. మూటలను అప్పటిదాకా మూతలున్న రేకు డబ్బాల్లోకి మార్చాం.