డెలిగేట్ చేయడం అంటే పురమాయించడమా, అప్పగించడమా?

అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్ల (పీఏలు, అంటే డాక్టర్లు కాకపోయినా శిక్షణ పొంది పేషెంట్లని చూసేవాళ్లు) మీద ఓ వ్యాసం తెలుగులోకి తెస్తున్నానండీ, డాక్టరు ప్రైమరీ కేర్ పనులు పీఏకి డెలిగేట్ చేస్తే ఖర్చు నిజంగా కలిసొస్తుందా అనేది విషయం. 'అధికార బదలాయింపు' అని పెడితే జీవో చదువుతున్నట్టుంది. మీరైతే ఏం రాస్తారు?

— పురమాయించడం. పని చెప్పి చేయించుకోవడమేగా.

— నేను ఒప్పుకోను. పురమాయిస్తే పని మాత్రమే అవతలివాళ్లది, ఆలోచన మనదే, అయ్యాక మళ్లీ మనమే చూసుకోవాలి. అప్పగిస్తే ఆ గొడవ లేదు. ఇక్కడ లెక్కంతా ఈ తేడా మీదే నడుస్తుంది. పీఏ చూసిన ప్రతి పేషెంటునీ డాక్టరు ఇంకోసారి చూస్తే ఒక విజిట్‌కి రెండు జీతాలు పడ్డట్టే, ఇక మిగిలేదేముంది? పోనీ డాక్టరుకి టైమ్ మిగిలిందే అనుకోండి, ఆ టైమ్‌లో చూడ్డానికి కష్టమైన కేసులు ఉండాలి కదా, లేకపోతే అదీ వృథాయే.

— మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా పెద్దవయసువాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) బిల్లింగ్‌లో కూడా సరిగ్గా ఇదే తేడా ఉంది. పీఏ తన పేరు మీద బిల్లు వేస్తే డాక్టరు రేటులో 85 శాతమే ఇస్తారు. అదే డాక్టరు ముందు చూసి ప్లాన్ రాసి, ఆ ప్లాన్ ప్రకారం పీఏ ఫాలోఅప్ చేస్తూ, డాక్టరు వెంటనే అందుబాటులో ఉంటే డాక్టరు పేరు మీదే 100 శాతం వస్తుంది, దీన్ని 'ఇన్సిడెంట్ టు' అంటారు. అంటే పురమాయింపుకి 100, అప్పగింతకి 85 :) బీపీ చూపించుకోడానికొచ్చిన పెద్దాయన లేస్తూ లేస్తూ 'మోకాలు కూడా నొప్పిగా ఉందమ్మా' అన్నాడా, అది కొత్త సమస్య, డాక్టరు వచ్చి చూడాలి, లేదా పీఏ పేరు మీద 85కే పోవాలి. ఆ 15 కోసం డాక్టర్ని పక్కనే కూర్చోబెట్టుకుంటే ఆయన టైమ్ ఖరీదు ఎవరూ లెక్కెయ్యరు. మెడికేర్‌కి సలహాలిచ్చే మెడ్‌పాక్ అయితే 2019లోనే పీఏలకి ఈ పద్ధతి తీసెయ్యమంది.

— అసిస్టెంట్ అన్న మాట మీద కూడా గొడవే కదా. అమెరికాలో వాళ్ల సంఘం 2021లో 'అసోసియేట్' చేసుకుంది, ఇంగ్లండ్‌లో 2025లో ప్రభుత్వం వేయించిన లెంగ్ రివ్యూ మళ్లీ 'అసిస్టెంట్' అనే పిలవమంది. మీరు 'పీఏ' అని వదిలెయ్యండి, హాయి.

— అందరికీ థాంక్సండీ. ప్లాన్ డాక్టరుదైన చోట పురమాయించడం, పీఏ సొంతంగా చూసే చోట అప్పగించడం, రెండూ వాడేస్తా, ఒకే మాట పట్టుకు వేలాడితే అర్థం చెడుతుంది. ఇక సూపర్‌విజన్ సంగతి చెప్పండి, 'పర్యవేక్షణ' అంటే ఊరికే చూస్తూ నిలబడ్డట్టుంది, ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పుకోవాల్సింది కూడా డాక్టరే అన్నది అందులో రావట్లేదు.