అప్‌డేట్: స్పోర్ట్ టూరర్ మీద మణికట్ల నొప్పి, చివరికి ఏం చేశానంటే

రెండు నెలల కిందట అడిగాను కదా, వెయ్యి సీసీ స్పోర్ట్ టూరర్ (దూర ప్రయాణాలకు పనికొచ్చే స్పోర్ట్ బైక్) మీద వంద కిలోమీటర్లు దాటేసరికి మణికట్లు లాగేస్తున్నాయి, హ్యాండిల్‌బార్ రైజర్లు (హ్యాండిల్‌ని పైకి లేపే ముక్కలు) వేయించాలా అని. చాలామంది "ముందు లివర్లు చూసుకోండి" అన్నారు. నిజమే! బ్రేక్, క్లచ్ లివర్లు మరీ పైకి ఉన్నాయి. ముంజేతికి తిన్నగా వచ్చేలా కిందికి తిప్పితే సగం నొప్పి పోయింది, రూపాయి ఖర్చు లేకుండా.

తర్వాత 20 మిల్లీమీటర్ల రైజర్లు కూడా వేయించాను. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, బ్రేక్ హోస్, కేబుళ్లు బిగుసుకోవడం లేదని చూసుకున్నాకే బండి బయటికి తీశాను. ఇక్కడ మాత్రం బద్ధకించకండి.

జెల్ సీటు ప్యాడ్ డబ్బు దండగ. సూర్యాపేట దగ్గర టీకి ఆగి, బండి ఎండలో పెట్టి వచ్చి కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అది తీసేసి, సీట్లు కుట్టే ఆయనతో ఫోమ్ మార్పించాను. ముందు వాలు తగ్గించి చదును చేశాడు. ట్యాంకు మీదికి జారడం ఆగింది, చేతుల మీద బరువూ తగ్గింది.

మొన్న ఆదివారం హైదరాబాద్ నుంచి విజయవాడ, దాదాపు 270 కిలోమీటర్లు, ఒక్కసారే ఆగాను. హెల్మెట్‌కి గాలి కొట్టడం మాత్రం అలాగే ఉంది. విండ్‌స్క్రీన్ సంగతి జీతం వచ్చాక.