"దాని కాచుటకును": ఇక్కడ కాచుట అంటే ఏది?

గుంపులోని పెద్దలకు వందనాలు. సెప్టెంబరులో మా చిత్తూరులో నాలుగు సంఘాల వాళ్ళం కలిసి సృష్టి కోసం ఆరాధన పెట్టుకుంటున్నాం. సీయస్సై, లూథరన్, బాప్టిస్టు, కతోలికులు. 1989లో ఆర్థడాక్సు పాట్రియార్కు దిమిత్రియోస్ సెప్టెంబరు 1ని ఇందుకోసం ప్రార్థన దినంగా ప్రకటించారు. 2015లో పోపు ఫ్రాన్సిస్ కతోలికులకూ అదే రోజును నిర్ణయించారు. ఇప్పుడు చాలా సంఘాలు ఆ రోజు మొదలుకొని అక్టోబరు 4 దాకా దీన్ని ఆచరిస్తున్నాయి.

చిక్కల్లా బ్యానరు దగ్గరే వచ్చింది. మొదట "పర్యావరణ పరిరక్షణ – వాతావరణ న్యాయం" అని రాసినాం. మా సంఘంలో ఒక అవ్వ మామిడితోటకు కావలి ఉంటుంది. అది చదివించుకొని, "న్యాయమంటే కోర్టులో ఉండేదేనా నాయనా?" అనింది. నాకు చాలా కష్టమనిపించింది. ఎవరికోసం రాస్తున్నామో వాళ్ళకే అందని మాట ఎందుకు?

అందుకే ఆదికాండము 2:15కి వెళ్ళినా. "ఏదెను తోటను సేద్యపరచుటకును దాని కాచుటకును" అని ఉంది. 1:28లో "దానిని లోపరచుకొనుడి" అనీ ఉంది. మా కుర్రోళ్ళు దాన్ని "లోపం"తో ముడిపెట్టి చదువుతారు. లోపరచుకోవడమంటే లోబరచుకోవడం, వశం చేసుకోవడం. ఆ ఒక్క మాట పట్టుకొని భూమిని ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చని చెప్పేవాళ్ళు ఉన్నారు. రెండో అధ్యాయం వాళ్ళకు జవాబని నా నమ్మకం.

నా ప్రశ్న ఇది. చెట్టు కాస్తుంది, తోటను మనిషి కాస్తాడు. కాపు అంటే పంట, కాపు అంటే కావలి. రెండూ ఒకే మాటా?

జవాబు

అక్కా, రూపం ఒకటే గానీ పుట్టుక వేరు. మన పక్కనున్న తమిళం చూస్తే తేలిపోతుంది. కాపాడేదానికి వాళ్ళు "కాత్తల్" అంటారు, కాయకు "కాయ్" అంటారు. తెలుగులో రెండూ వచ్చి "కాచు"లో కలిసిపోయినాయి. తమిళ బైబిలు కూడా ఇదే వచనంలో "పణ్పడుత్తవుం కాక్కవుం" అనే చెప్పింది.

హీబ్రూలో ఇక్కడున్న మాట "షామర్". కయీను "నా తమ్మునికి నేను కావలివాడనా" అన్నచోటా అదే ధాతువు. సంఖ్యాకాండము 6:24లో "నిన్ను కాపాడును గాక" అన్న దీవెనలోనూ అదే. మన అనువాదకులు మూడు చోట్లా కాచుట, కావలి, కాపాడు అని ఒకే కుదురు మాటలు వేసినారు. చదివినప్పుడల్లా నాకు సంతోషమేస్తుంది. సేద్యపరచుటకు మూలం "అవద్". సేవించడానికీ అదే మాట. "యెహోవాను సేవించెదము" అని యెహోషువ అన్నది దానితోనే. నేలకు సేవ చేయడమూ సేద్యమూ అక్కడ వేరు కాదు.

ఇంకో జవాబు, తిరుపతి నుంచి

నేను కతోలికుణ్ణి. మేము సంఘమనకుండా శ్రీసభ అంటాం, మా బైబిలు అనువాదం కూడా వేరు. అయినా "కాచుట" అందరిదీ. 2021 నవంబరు వానల్లో రాయలచెరువు కట్టకు నీళ్ళు ఊరితే కింది ఊళ్ళను ఖాళీ చేయించినారు. స్వర్ణముఖి పొంగింది. మా ఇంట్లోకీ మోకాలి లోతు నీళ్ళొచ్చినాయి. మిద్దెలున్నోళ్ళు పైకెక్కినారు, మా వీధి చివర గుడిసెలోళ్ళు మూటలు నెత్తిన పెట్టుకొని నిలబడినారు. గాలిని పాడుచేసింది వాళ్ళు కాదు. ఆ న్యాయం మాటను తీసేయొద్దండీ, తేలిగ్గా చెప్పండి. చెరువుకు నీరుగంటి ఉన్న రోజుల్లో తూము ఎప్పుడెత్తాలో, మరవ ఎప్పుడు పారుతుందో చూసుకునే మనిషి ఒకడుండేవాడు. కాయడమంటే అది.

మొదట అడిగిన నేను

అన్నా, సార్, ఇద్దరికీ వందనాలు. నిన్న అవ్వ దగ్గరికి మళ్ళీ పోయినా. ఈ ఏడు పూతప్పుడు వాన పడి తోతాపురి పిందె రాలిపోయిందంట, గుత్తకు తీసుకున్నాయన ఆమెకు కూలి సగమే ఇచ్చినాడంట. "కాపే లేనప్పుడు కావిలెందుకమ్మా అంటాడు" అనింది. మీరు చెప్పిన రెండు మాటలూ ఆమె నోట్లో ఒక్క వాక్యంలో ఉన్నాయి. న్యాయం గురించి అంతకన్నా తేటగా ఎవరు చెప్పగలరు! ఆరాధనలో ఆమెనే మాట్లాడమని అడిగినాం, ఒప్పుకుంది.

బ్యానరు మీద వచనం ఉన్నదున్నట్టే. కింద మా మాటగా "కాచుకుందాం" అని రాయబోతే ఒకాయన ఆపినాడు, నిజమే. మన పక్క కాచుకోవడమంటే ఎదురుచూడటం, బస్సుకు కాచుకున్నట్టు. భూమి సంగతిలో ఆ అర్థం రాకూడదు. అందుకని "తోటను కాద్దాం, చెరువును కాద్దాం, కాసేవాళ్ళ కూలి ఇద్దాం" అని రాయించినాం. "కాద్దాం" చూసి ఎవరైనా "కాదు" అని చదువుతారేమోనని ఒక్క భయం ఉండింది. అవ్వకు చదివి వినిపించినా. "గొర్రెల్ని కాద్దాం అనమా ఏంది" అనింది.